సాక్సులో జీడి తొక్కలు

మొహం మీద మచ్చ పడటం ఎవరికైనా మామూలే. కానీ ఒక్క సాయంత్రంలో తన మొహానికీ కాబోయే మామగారి మొహానికీ సమానంగా మచ్చలు వేసి, ఒక ఊరి అమ్మవారి సంబరాన్ని గంటన్నర సేపు ఆపేసి, ఆ ఊరి ముత్తైదువల చేత పసుపు నీళ్లతో కాళ్లు కడిగించుకున్న ఘనుణ్ని మీరు ఎక్కడైనా చూశారా? చూడలేదు కదా. అయితే కాస్త సర్దుకుని కూర్చోండి. ఆ ఘనుణ్ని నేనే.

నా పేరు సింహాచలం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. పలాసలో మా మేనమామ జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. ఆ మాట వినగానే కుర్చీ, ఫ్యాను, బల్లమీద గంట ఊహించుకోకండి. కళ్లంలో ఎండబోసిన జీడిపిక్కల మీదికి మేకలు రాకుండా తోలడం నా డ్యూటీ. మేకలు తోలేవాడికి సంబంధాలు రావని మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే, మావయ్య జాలిపడి ఆ ఉద్యోగానికి ఆ పేరు తగిలించాడు.

పేరు మహిమో ఏమో, సంబంధం వచ్చింది. బారువకు ఇవతల, తోటల సీమ ఉద్దానంలో ఒక ఊరు. పిల్ల తండ్రి గవరయ్య గారికి కొబ్బరి తోట, జీడి తోట ఉన్నాయి. పిల్ల పేరు దమయంతి. పెళ్లిచూపులకు మావయ్య, నేను, నా చిన్ననాటి స్నేహితుడు ధనరాజు ఆటోలో వెళ్లాం. దమయంతి వచ్చి పనస తొనల పళ్లెం మా ముందు పెట్టి, తల వంచుకోకుండా, గోడకానుకుని నిలబడి నన్ను నిదానంగా చూసింది. అంతే. నా పని అయిపోయింది. ఈ అమ్మాయిని తప్ప ఇంకెవర్నీ చేసుకోను అని పనస తొన గొంతులో ఉండగానే తీర్మానించేసుకున్నాను.

"పిల్లనేటైనా అడుగు బాబూ," అన్నారు గవరయ్య గారు.

నేనేం అడుగుతాను? నోట్లో తొన ఉంది. ఆ ఖాళీలో దమయంతే అడిగేసింది.

"మీకేటొచ్చు?"

మావయ్య నా తొడ గిల్లాడు. నాకు వచ్చిందల్లా మేకల్ని తోలడం. ఆ మాట అంటే ఆటో ఎక్కాల్సిందే. అసలు తప్పు ధనరాజుది. దారి పొడుగునా ఆటోలో వాడు ఒకటే కథ చెబుతూ వచ్చాడు. వాడు బారువ వైపు గంగపుత్రుడు, గుజరాత్ బోట్ల మీద చేపల వేటకెళ్లి ఆ మధ్యనే తిరిగొచ్చాడు. అక్కడ నడి సముద్రంలో గేలాలకు వెలుగు పుల్లలు కడతారట. వేలెడంత గొట్టం. విరిస్తే లోపల మందు కలిసి ఆకుపచ్చగా వెలుగుతుందట. బోటు ఒకసారి గోవాలో ఆగితే, అక్కడ దొరలు అవే పుల్లల్ని దారాలకు కట్టి చీకట్లో చక్రాల్లా, పువ్వుల్లా తిప్పుతున్నారట. ఆ కథంతా నా బుర్రలో అలా గిర్రున తిరుగుతూ ఉండగా ఈ ప్రశ్న వచ్చి పడింది.

"లైట్లు తిప్పడం వచ్చు," అన్నాను.

"లైట్లా?" అన్నారు గవరయ్య గారు.

"దారాలకి కట్టి. సీకట్లో. సక్రాలు, పువ్వులు..."

గవరయ్య గారి మొహం వెలిగిపోయింది. "అయితే ఇంకేటి! పదిహేను రోజుల్లో మా ఊరి అమ్మోరి సంబరం ఉన్నాది. ఆ దినం ఊరందరి ముందరా తిప్పాల. అది సూసి మా గుంట, దమయంతి, తన మాట సెప్తాది. ఏటే?"

దమయంతి తల ఊపింది. నవ్వు కూడా కాస్త వచ్చిందని ఇప్పటికీ నా అనుమానం.

తిరుగు ప్రయాణంలో ధనరాజు నా మెడ పట్టుకున్నాడు. "ఒరే సిమ్మాచలం, నువ్వెప్పుడు తిప్పినావురా?"

"నువ్వు నేర్పినాక."

"నానెప్పుడు నేర్పినాను?"

"రేపు."

అలా మొదలైంది నా విద్యాభ్యాసం.

ధనరాజు దగ్గర నాలుగే నాలుగు వెలుగు పుల్లలున్నాయి. గల్లా పెట్టెలోని బంగారంలా వాటిని ఒక పాత టిఫిను డబ్బాలో దాచాడు. నేను ఒకటి విరవబోతే చేతి మీద కొట్టాడు. "ఒక్కసారి ఇరిస్తే ఒక్క రాత్రే ఎలుగుతాది. తెల్లారితే సచ్చిపోతాది. సంబరం దాకా ఇవి ముట్టకు. ముందు ఉత్త బరువులతో నేర్చుకో."

బరువంటే మా ప్రాంతంలో ఏముంటుంది? ఎండకు రాలిన కొబ్బరి పిందెలు. మూరన్నర పొడవున రెండు నైలాను తాళ్లు కోసి, ఒక కొసకు పిందె, రెండో కొసకు వేలు దూరే ఉచ్చు కట్టాడు. రెండు చేతుల మధ్యవేళ్లకు రెండు ఉచ్చులు. ఫ్యాక్టరీ వెనక, పనివాళ్లు ఇళ్లకు వెళ్లాక, శిక్షణ.

"సెయ్యంతా తిప్పకురా, నుయ్యి తోడతన్నావేటి? మనికట్టు! మనికట్టొక్కటే తిప్పాల!"

మణికట్టు తిప్పాను. కుడి పిందె వెళ్లి నా కుడి చెవిని పలకరించింది. బాధతో కుడి చెయ్యి ఆపాను. అయితే ఎడమ చేతికి ఆ కబురు అందలేదు, అది తిరుగుతూనే ఉంది. ఎడమ పిందె మోకాలి చిప్ప మీద కొట్టింది. వంగాను. వంగినప్పుడు రెండూ కలిసి నడినెత్తి మీద మోగాయి. పాఠకులారా, కొబ్బరికాయ పిందెగా ఉన్నప్పుడే ఇలా ఉంటే కాయైతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

"రెండు సేతులూ ఒకేపాలి తిప్పితే బేగి వత్తాది," అన్నాడు గురువుగారు.

"నీకు వచ్చిందేటి?"

"నాను సూసినాను గానీ, తిప్పినానని ఎప్పుడు సెప్పినాను?"

అప్పుడు తెలిసింది నా గురువుగారి పాండిత్యం. గుడ్డివాడికి కుంటివాడు దారి చూపడమంటారే, ఇక్కడ ఇద్దరం గుడ్డివాళ్లమే, పైగా దెబ్బలు ఒక్కడికే.

పది రోజులు గడిచాయి. ముందుకు చక్రం వచ్చింది. వెనక చక్రం వచ్చింది. రెండు చేతులూ దగ్గర పెట్టి మొహం ముందు తిప్పే సీతాకోకచిలుక మాత్రం రాలేదు. ప్రతిసారీ రెండు పిందెలూ నా ముక్కు దగ్గర కలుసుకుని ఎవరి దారిన వారు పోవడం మానేసేవి. ముక్కు వంకాయంత అయింది. మా అమ్మ చూసి, "ఎవులు కొట్టినార్రా?" అని గోల. నన్ను నేనే కొట్టుకున్నానంటే నమ్మదు.

పదకొండో రోజు ధనరాజు ఒక సత్యం కనిపెట్టాడు. "పుల్ల తేలిక. పిందె బరువు. బరువుతో నేర్చుకుంటే తేలిక మీద సెయ్యి లొంగదు. ఏదైనా తేలికపాటిది సాక్సులో ఎట్టి తిప్పాల."

ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, నా తెలివి నన్ను ముంచింది. ఎదురుగా ఫ్యాక్టరీ వెనక గోడంత ఎత్తున ఒక గుట్ట ఉంది. జీడి తొక్కలు. తేలిక. పుష్కలంగా ఉన్నాయి. మావయ్య బ్యాంకుకు వెళ్లేటప్పుడు మాత్రమే వేసుకునే ఒకే ఒక్క సాక్సుల జత దండెం మీద ఆరుతోంది.

జీడి ప్రాంతంలో పుట్టి జీడి తొక్క సంగతి తెలియదా అంటారు. తెలుసు. తెలిసే చేశాను, అదే దరిద్రం. నా చిన్నప్పట్నుంచి మా ఫ్యాక్టరీలో పిక్కల్ని మంట మీద కాల్చేవారు. కాలిన తొక్క బొగ్గులా నల్లగా, పెళుసుగా ఉండేది. దాంట్లోని, తోలు కాల్చే నూనె చాలావరకు మంటకే పోయేది. ఆ తొక్కలతో మేం బొమ్మలాటలు ఆడుకున్నా ఏమీ కాలేదు. ఆ ఏడాదే మావయ్య కొత్తగా బాయిలరు పెట్టించాడు. ఇప్పుడు పిక్కల్ని ఆవిరి మీద ఉడికిస్తున్నారు. ఉడికిన తొక్క గోధుమరంగులో, చూడ్డానికి స్నానం చేసి బొట్టు పెట్టుకున్నట్టు శుభ్రంగా ఉంది. నల్లటి తొక్కే ఏం చేయనప్పుడు ఈ గోధుమరంగు తొక్క ఏం చేస్తుంది అనుకున్నాను. ఆవిరికి నూనె పోదనీ, మొత్తం లోపలే కూర్చుని నాలాంటి వాడి కోసం ఎదురుచూస్తుందనీ నాకెవరూ చెప్పలేదు.

అబద్ధం. నీలమ్మ చెప్పింది. పిక్కలు కోసే ఆడవాళ్లకు ఆమె పెద్ద. నేను సాక్సులో తొక్కలు కూరుతుంటే చేతులకు ఆముదం, బూడిద పులుముకుంటూ చూసింది.

"సిమ్మాచలం బాబూ, ఆ తొక్కల్తో ఆటలేటి?"

"ఆట కాదు నీలమ్మా, సాధన."

"ఏదైతేనేటి, సేతికి కాసింత బూడిద రాసుకో."

"నాను సూపర్‌వైజర్ని. నాకు బూడిదెందుకు?"

నీలమ్మ నన్ను ఒకసారి, బూడిద చట్టిని ఒకసారి చూసి, "అయితే మానీ," అని పనిలోకి పోయింది. ఇప్పుడైతే ఆ చట్టిని నెత్తిన పెట్టుకుని ఊరేగుతాను.

శుక్రవారం సాయంత్రం. సంబరం ఆదివారం. సాక్సులు రెండూ పగలంతా ఎండలో ఉన్నాయి, వెచ్చగా మెత్తగా ఉన్నాయి. తాళ్లకు కట్టాను. చొక్కా విప్పాను. మణికట్టు తిప్పాను. ఆహా! ఏమని చెప్పను! పిందెలతో పది రోజులు మొండికేసిన సీతాకోకచిలుక మొదటిసారికే రెక్కలు విప్పింది. రెండు సాక్సులూ నా మొహం ముందు జువ్వుమని ఒకదాని పక్కనుంచి ఒకటి తప్పుకుంటూ పోతున్నాయి. ఒక్కటీ తగల్లేదు! ధనరాజు ఈల వేసి గంతులేశాడు. నేను నవ్వుతున్నాను, తిప్పుతున్నాను, ఆపాలనే అనిపించడం లేదు. జీవితంలో మొదటిసారి నాకు ఒకటి చేతనైంది. ఆ సంతోషం ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. ఆ తర్వాత ఒళ్లు చేసినవి వేరే పనులు.

సరిగ్గా అప్పుడే గవరయ్య గారు వచ్చారు. పిక్కల బస్తాలు పలాసలో దించి, కాబోయే అల్లుడు ఏం చేస్తున్నాడో చూద్దామని.

"అబ్బ! బాగానే తిప్పతన్నావే!" అన్నారు దూరం నుంచి.

"అక్కడ్నించేటి కనపడతాది మావా, దగ్గరికి రండి." చూశారా, పెళ్లి ఖాయం కాకుండానే మావా అనేశాను.

ఆయన వచ్చారు. "ఇంకాస్త దగ్గరికి," అన్నాను. ఇంకాస్త వచ్చారు. ధనరాజు తెలివైనవాడు, నా వెనకే ఉన్నాడు. నేను వేగం పెంచాను.

"తుంపర పడతన్నాదేటి?" అని గవరయ్య గారు మొహం తుడుచుకుంటూ ఆకాశం చూశారు. మబ్బు తునక లేదు.

"సెమట మావా. కష్టపడతన్నాను కదా."

"కష్టపడే మనిసివే," అని ఆయన మెచ్చుకుంటూ, మరో పావుగంట ఆ తుంపరలోనే నిలబడ్డారు.

శనివారం ఏమీ కాలేదు. శనివారం సాయంత్రం చిన్న దురద. ఆదివారం పొద్దున అద్దంలో నన్ను చూసుకుని, వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. మొహం ఉబ్బి, కళ్లు సన్నబడి, చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా నల్లటి మచ్చలు, బొబ్బలు. ఛాతీ మీద కూడా. పరుగెత్తి నీలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె తలుపు తీసి, నన్ను చూసి, మళ్లీ తలుపు వేసుకుని లోపల పది నిమిషాలు నవ్వి, అప్పుడు బయటికి వచ్చి కొబ్బరినూనె రాసింది.

"ఇది ఎప్పుడు పోతాది నీలమ్మా?"

"పై తోలు ఊడినాక."

సంబరానికి వెళ్లకపోతే సంబంధం పోతుంది. వెళ్తే ఈ మొహంతో వెళ్లాలి. పావు డబ్బా పౌడరు పూసుకుని ధనరాజుతో ఆటో ఎక్కాను. మచ్చల మీద పౌడరు పడేసరికి పిండి చల్లిన జంతికలా తయారయ్యానని వాడు అన్నాడు. అప్పటికీ నా బుర్రలోకి ఒక ఆలోచన రాలేదు. నాకే ఇలా ఉంటే, పావుగంట ఎదురుగా నిలబడ్డ మనిషి సంగతేమిటి?

సంజె చీకట్లో ఊళ్లోకి దిగేసరికి డప్పులు ఆగి ఉన్నాయి. జనం గవరయ్య గారి వాకిట్లో గుంపుగా ఉన్నారు. మధ్యలో, చాప మీద, చుట్టూ వేపకొమ్మలతో, నల్లటి మచ్చలతో, నాకు అచ్చంగా కవల సోదరుడిలా గవరయ్య గారు.

ఆయన తల్లి, ఎనభై ఏళ్ల ముసలమ్మ, పసుపు నీళ్లు చల్లుతూ ఏడుస్తోంది. "ఓలమ్మో, సంబరం దినాన్నే నా కొడుక్కి అమ్మోరు పోసింది తల్లో!"

మీరు అడగొచ్చు, జీడి తోట ఉన్నవాళ్లకు జీడి మచ్చ తెలియదా అని. ఉద్దానం రైతు పిక్కలు ఏరుతాడు, ఎండబెడతాడు, బస్తాకెత్తుతాడు. పగలగొట్టే పని మాది. వాళ్లు ఎరిగిన మచ్చ వేళ్ల మీద ఎక్కడో ఒకటి. మొహం నిండా, అదీ సంబరం నాడు పొడిస్తే, అమ్మవారు తప్ప ఇంకేం గుర్తొస్తుంది?

అసలు గండం వేరే ఉంది. ఆ ఊళ్లో అమ్మవారి మొదటి ఘటం ఎత్తే హక్కు గవరయ్య గారి ఇంటిది. అమ్మవారు పోసిన మనిషి ఘటం ముట్టుకోడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు, ఆయన దాయాదులైన పాలివాళ్లు తలస్నానాలు చేసి, కొత్త పంచెలు కట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. ఒక్కసారి ఆ ఘటం వాళ్ల తలకెక్కితే మళ్లీ ఈ ఇంటికి రాదు. గవరయ్య గారి కళ్లలో నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి.

అప్పుడు ముసలమ్మ నన్ను చూసింది. పౌడరు కింద మచ్చలు చూసింది. కొంగు మెడలో వేసుకుని నా కాళ్ల మీద పడింది.

"అల్లుడికీ పోసిందిరా! మావకీ అల్లుడికీ ఒక్క దినాన్నే! తల్లే ఈ సంబంధం కుదిర్చింది!"

ఇంకేం, నన్ను కూడా చాప మీద కూలేశారు. వేపకొమ్మలతో విసిరారు. ముత్తైదువలు వరసగా వచ్చి కాళ్లు కడిగి, నెత్తిన నీళ్లు చల్లుకున్నారు. నేను నోరు తెరవబోయాను. వెనకనుంచి ధనరాజు చెవిలో, "నోరు ముయ్యి! సంబంధం ఖాయమైపోనాది. అమ్మోరే సెప్పీసింది. నీకేటి నష్టం?" అన్నాడు.

నిజమే, నాకేం నష్టం? నోరు మూసుకుంటే దమయంతి నాది. తెరిస్తే పోయింది. మూసుకున్నాను, సిగ్గు లేకుండా. మొహం కాలాక వేపాకులు పట్టుకున్నట్టు, ఒక కొమ్మ చేతిలోకి తీసుకుని నాకు నేనే విసురుకున్నాను కూడా. చుట్టూ కోళ్ల కూర వాసన ఘుమఘుమలాడుతుంటే మా ఇద్దరికీ ఉప్పు లేని పెరుగన్నం పెట్టారు. పక్కన గవరయ్య గారు నా చెయ్యి పట్టుకుని, "నా మూలంగా నీకూ పోసింది బాబూ, సెమించు," అన్నారు. ఆయన్ను చూడలేక తల దించుకున్నాను.

అప్పుడు దమయంతి వచ్చింది. చేతిలో దీపం. వాళ్ల నాన్న మొహం దగ్గర పెట్టి చూసింది. నా మొహం దగ్గర పెట్టి చూసింది. మళ్లీ ఆయనది. మళ్లీ నాది.

"మామ్మా, అమ్మోరు పోత్తే ఎలగ పోత్తాది?"

"ఎలగేటే? ఒళ్లంతా పోత్తాది."

"మరి ఈలిద్దరికీ సెవి కాడ్నించి గెడ్డం దాకా వంకీ తిరిగి, గీత గీసినట్టు ఉన్నాదేటి? అమ్మోరు గిన్ని ఎట్టి గుండ్రంగా గీసి పోసిందేటి?" దీపం నా ముక్కు దగ్గరకు తెచ్చి, గొంతు తగ్గించింది. "మబ్బు లేకుండా తుంపర పడిందని నాన్న సెప్పినాడు. మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

ఆ కళ్ల ముందు ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడి, ఊరందరి ముందూ అంతా కక్కేశాను. పిందెలు, సాక్సులు, తొక్కలు, తుంపర, అన్నీ. "అమ్మోరు కాదు. నానే. మావకి నానే పోసినాను," అన్నాను.

ఆ తర్వాత గవరయ్య గారు చాప మీద నుంచి లేచిన వేగం చూస్తే నన్ను కొట్టడానికే అనుకుని కళ్లు మూసుకున్నాను. ఆయన నన్ను దాటుకుని వెళ్లి, పాలివాళ్ల చేతుల్లోంచి ఘటం లాక్కుని నెత్తిన పెట్టుకున్నారు. డప్పులు మోగాయి. కాళ్లు కడిగిన ముత్తైదువలు నన్ను పొడిచిన చూపుల గురించి మాత్రం అడగకండి.

ఘటం గుడికి చేరాక ఆయనే నా వైపు తిరిగారు. "ఇంత సేసినావు కదా, ఏదీ, తిప్పు!"

గుడి దగ్గర లైట్లకు పెట్టిన జనరేటరు ఆపారు. నాలుగు పుల్లలూ విరిచి, తాడుకు రెండేసి కట్టుకుని, ఉబ్బిన కళ్లతో ఏమీ కనపడకపోయినా మణికట్టు తిప్పాను. చీకట్లో లేత కొబ్బరాకు రంగులో రెండు చక్రాలు లేచాయి. సీతాకోకచిలుక రెక్కలు విప్పింది. పిల్లలు కేరింతలు కొట్టారు, ముసలమ్మ "ఓలమ్మో" అని నోరు తెరిచింది. నాకు రెక్కలొచ్చి, ఎప్పుడూ రాని పువ్వు కూడా తిప్పబోయాను. కుడి చేతి ముడి ఊడి, రెండు పుల్లలు వెళ్లి కొబ్బరి చెట్టు మొవ్వులో కూర్చున్నాయి. మిగిలిన రెండూ వచ్చి నా ముక్కు మీది పెద్ద బొబ్బను పగలగొట్టాయి. నా ప్రదర్శన ముగిసింది.

జనరేటరు వేశాక చూస్తే దమయంతి కొంగు నోట్లో కుక్కుకుని, కింద కూర్చుని, నవ్వి నవ్వి ఏడుస్తోంది.

"మరి నీ మాటేటే?" అన్నారు గవరయ్య గారు.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. "ఈ మనిసిని జీడి ఫ్యాక్టరీలో వొదిలీడం ఊరికి సేటు నాన్నా. కళ్లెదురుగా మనింట్లోనే ఉండాల. నాను సేసుకుంటాను."

అలా, నా మీద ప్రేమతోనో, పలాస ప్రజల క్షేమం కోసమో, ఆమె నన్ను పెళ్లాడింది. తోలు ఊడి కొత్త తోలు వచ్చేదాకా ముహూర్తం ఆపారు. పెళ్లి ఫోటోల్లో నేనూ మామగారూ మొహం మీద ఒకే వంకీ గులాబి చారలతో, ఒకే కంపెనీ సరుకులా ఉంటాం. పీటల మీద కూర్చోబెట్టే ముందు ముసలమ్మ నన్ను అమ్మవారి ముందు నిలబెట్టి, పసుపు ముద్ద చేతిలో పెట్టి ప్రమాణం చేయించింది. ఆ ప్రమాణాన్ని నేటికీ అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాను: కాల్చినదైనా, ఉడికించినదైనా జీడి తొక్క జోలికి పోను. పోయినా, సాక్సులో పెట్టను. పెట్టినా, తాడుకు కట్టను. కట్టినా, తిప్పను. తల్లీ, ఒకవేళ నా ఖర్మ కాలి తిప్పినా, మావను మాత్రం దగ్గరికి పిలవను.